ఎడమ భుజం, కుడి తుంటి

పదకొండేళ్లు మెడలోనే మోశాను,
కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన పట్టీని,
పసుప్పచ్చ అక్షరాల్లో కంపెనీ పేరుతో సహా.
కుతైసిలో పెళ్లంటే పద్నాలుగు గంటలు.
తెల్లారేసరికి మెడ వెనక
కాడి మోసిన ఎద్దుకు పడ్డట్టు ఎర్రటి గాడి.
జుట్టు విరబోసుకుని దాచుకునేదాన్ని.

ట్బిలిసిలో పొడి వంతెన దగ్గర, పాత సామాన్ల సంతలో
వఖుష్తి కూర్చుంటాడు.
ఒకప్పుడు కొండలెక్కినవాడు, రెండు వేళ్లు మంచుకిచ్చి దిగినవాడు.
తోలు పట్టీలు చూపించాడు, పూలు కుట్టినవి చూపించాడు.
"ఇవి ఫోటోలో నువ్వు పడాలంటే.
ఫోటో నువ్వు తియ్యాలంటే, ఇదిగో."
నల్లటి నైలాన్, కారు సీటు బెల్టు నేత.
భుజానికి అరచేతి వెడల్పు మెత్త, లోపలివైపు గరుకు.
చంక కిందుగా మరో సన్నపట్టీ,
వంగినప్పుడల్లా మెత్త మెడ మీదికి పాకకుండా.
కొక్కేనికి అయిదు లీటర్ల ద్రాక్షసారా డబ్బా తగిలించి
మెట్లెక్కి దిగమన్నాడు.
సంతంతా నవ్వుతుండగా ఎక్కి దిగాను.
ఎడమ భుజం మీంచి కుడి తుంటికి, జంధ్యం పడే దారిలో,
డబ్బా కుదురుకుంది
పాలు తాగి పడుకున్న బిడ్డలా.

డబ్బులు లెక్కపెట్టుకుంటూ అన్నాడు:
"కెమెరా అడుగున బిగించే ఆ స్క్రూ ఉందే,
దాన్ని కళ్లతో నమ్మకు. వేలితో నమ్ము.
రబ్బరు బిళ్ల అరిగితే నా దగ్గరికి రా,
ఊరికే ఇస్తాను."

మొదటి వారం నా అవస్థ చూడాలి.
కెమెరా గబ్బిలంలా తలకిందులుగా వేలాడుతుంది.
చెయ్యేమో పాత అలవాటున గుండెల మీదికి పోతుంది.
చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.
పడిపోయిన లెన్సు మూత కోసం వంగితే
అది ముందుకు ఊగి
విందు నడిపే పెద్దాయన చేతిలో కొమ్ముపాత్రకు తగిలింది.
దేవుడికి చెప్పబోయిన నాలుగు మాటలూ
నాకు చెప్పాడాయన.

మెల్లగా ఒళ్లు నేర్చుకుంది.
చెయ్యి వదిలేస్తే బొటనవేలికి షట్టర్ తగలాలి, అదీ పొడుగు.
ఇంకో బెత్తెడు దిగితే గదిలో కుర్చీలన్నీ శత్రువులే.
కంటికెత్తితే పట్టీ కదలదు,
కెమెరా ఒక్కటే దాని వెంట పైకి జారుతుంది
గిలక మీద చేద వచ్చినట్టు.
పిల్లల తలలున్న చోట ఎడమచెయ్యి లెన్సుకి గొడుగు.

చెప్పాలనుకున్నది ఇది కాదు.

అక్టోబరులో ఒక పెళ్లి. వంటింట్లో పెళ్లికూతురి అమ్మమ్మ త్సిసానా
జున్ను పెట్టి పిండి మడుస్తోంది.
మెడలో కెమెరా ఉన్నన్నాళ్లూ
అది ముందు నడిచేది, నేను వెనక.
నన్ను చూసినవాళ్లంతా
కొంగో కాలరో సర్దుకునేవాళ్లు.
త్సిసానా ఏమీ సర్దుకోలేదు.
తుంటి వెనక ఉన్నది ఆవిడకు కనపడలేదు.
మునివేళ్లతో పిండి నొక్కుతూ నొక్కుతూ
ఈ పెళ్లి చూడాల్సిన మనవడి గురించి చెప్పింది.
వాడికి జున్ను అంచులే ఇష్టమట, మాడినవి.
కిటికీలోంచి వెలుతురు సరిగ్గా చెంప మీద.
బొటనవేలు షట్టర్ మీదే ఉంది.
అలాగే ఉంచాను.

ఆ రోజు తీసిన మూడువేల పైచిలుకులో అది లేదు.
"బరువా అమ్మాయీ?" అని
ఆవిడ నా భుజం మీద పట్టీని తడిమింది.
నల్లటి నైలాన్ మీద నాలుగు వేళ్ల పిండి.
బ్రష్ పెట్టి దులిపాను కానీ
కుట్టు సందుల్లో కాస్త మిగిలిపోయింది. మిగలనీ.

బయట డోలు మొదలైంది,
మగవాళ్లు మోకాళ్ల మీద గిరగిర తిరిగే నాట్యం.
పరిగెడుతూనే వేలు కిందికి పోయింది,
స్క్రూ పావు చుట్టు తిరిగింది.
నమ్ముతారో లేదో,
నిజంగానే వదులైంది.